నూనె చీటీ

ఏదీ, ఇలా వెలుతురులోకి పట్టు. కళ్ళజోడు అక్కర్లేదులే, వీధి అవతల నిలబడి సూదికి దారం ఎక్కించిన కళ్ళివి. ఆఁ, ఇది చీటీలక్క రాతే. ఇంత కట్ట ఎక్కడ దొరికిందే నీకు? మీ తాత సొరుగులోనా. పారెయ్యలేదన్నమాట, ఆయనకీ ఎక్కడో కాస్త సిగ్గుండేది. వీటిని ఫోనులో పెడతావా, కొట్టు పేరు మీద? పెట్టు, పెట్టకేం. ఇప్పుడు నువ్వు పెట్టేవీ చూస్తూనే ఉన్నాను కదా, రోజుకు మూడు. నాణ్యతకు మారుపేరు అంటావు, నమ్మకానికి చిరునామా అంటావు. చిరునామా సరే, వచ్చేవాళ్ళేరీ? మొన్నటిదానికి పలికింది ఇద్దరు. ఒకడిని నేను, రెండోది మీ అమ్మ. ఏమన్నావ్? మీ నాన్న వద్దన్నాడా? తప్పుడు చీటీ రాసి కొట్టు పేరు ముంచింది ఆవిడే అన్నాడా? కూర్చో. ఆ ముక్కాలిపీట లాక్కుని కూర్చో. అప్పటికి మీ నాన్నకి పాలపళ్ళు కూడా ఊడలేదు. వాడు చెప్పడం, నువ్వు వినడం. పోయినవాళ్ళకి నోరు లేదు కదా అని ఏదైనా అంటారు మరి.

నీకు తెలియదు గానీ, ఆ రోజుల్లో ఈ గల్లా ముందు నేను నిలబడి మాట్లాడుతుంటే, దారి తప్పి వచ్చినవాడు కూడా భుజాన కుట్టుమిషను పెట్టుకుని పోయేవాడు. ఒక్క మధ్యాహ్నం పదకొండు అమ్మాను. ఒక బట్టతల ఆయన గొడుగు కోసం వస్తే ఆయనకీ అమ్మాను. ఎవరి గొంతైనా, ఎవరి రాతైనా ఒక్కసారి చూస్తే దించేసేవాణ్ణి. సర్లే, నా సంగతి కాదు కదా. చీటీలక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. రసీదులు రాయడానికి చేరింది. చేరిన నెలకే ఒక అలవాటు పెట్టింది. శనివారం సాయంత్రం కొట్టు కట్టేముందు రిపేరాయన బల్ల దగ్గరికి పీట జరుపుకుని, "అన్నా, ఈ వారం ఏమేం వచ్చాయి?" అనేది. ఆయనా, మాటకి సుంకం కట్టాలన్నట్టు ఉండేవాడు. సూది తిరగేసి పెట్టుకొచ్చారు అనేవాడు. ఎంతమంది అంటే ఇద్దరు అనేవాడు. అయితే వద్దు అనేది. ఒకే తప్పు ముగ్గురు చేస్తేనే ఆవిడ రాసేది, అదీ లెక్క. ఇదిగో చూడు, చదువు. "బట్ట కింద దారం గుత్తులు కడుతోందా? తప్పు కింద బాబిన్‌ది కాదు, పై దారానిది. సూది పక్కన బట్టని నొక్కే పాదం పైకెత్తి, మొదటినుంచి మళ్ళీ ఎక్కించండి. అప్పటికీ పోకపోతే మిషను తీసుకురండి." అంతే. మేం గొప్ప అని లేదు, రండి కొనండి అని లేదు. తలుపు అద్దానికి లోపలినుంచి ఒకటి అంటించేది, ప్రతి సూదుల పొట్లంతో ఒకటి ఇచ్చేది. దర్జీలు ఆ చీటీలు మిషను సొరుగులో దాచుకునేవాళ్ళు. సోమవారం పొద్దున్నే అద్దం ముందు జనం. చదివినవాళ్ళు లోపలికి రాకుండా ఎక్కడికి పోతారు? ఆ పదకొండు మిషన్లూ... నిజం చెప్పాలంటే నా దగ్గరికి వచ్చేసరికే వాళ్ళు సగం కొనేసి ఉండేవాళ్ళు. అప్పుడు ఒప్పుకున్నానా ఏమన్నానా.

మీ తాతకి మాత్రం కడుపులో మంట. "ఇది అందరికీ వైద్యం నేర్పేస్తోంది, ఇక మన ఆసుపత్రికి రోగులెవరొస్తారు?" అని చిందులు. అదే అదనుగా దాపురించాడు ప్రకటనలాయన. జేబులో మూడు పెన్నులు, మూడూ రాయవు. రంగురంగుల కాగితాలూ, ఊరంతా గోడలూ అన్నాడు. కొత్త మిషన్లు వచ్చాయి కదా, వీటికి నూనే అక్కర్లేదని రాయించండి, ఎగబడతారు అన్నాడు. మిషను మొహం చూశాడో లేదో వాడు, వాడి సలహా. మీ తాత తలాడించాడు. అచ్చు కాగితం కంటే ఆవిడ చేతిరాతనే జనం నమ్ముతారని ఇద్దరికీ తెలుసు, అందుకని ఆవిణ్ణే రాయమన్నారు. రిపేరాయన్ని అడిగింది. కొత్తవి కాస్త తక్కువ తాగుతాయి, అంతే అన్నాడాయన. ఆవిడ కలం మూత పెట్టేసి, "నూనె అడగదని నేను రాస్తే, నా మాట విని వాళ్ళు పోయడం మానేస్తారండీ. నేను రాయను" అంది. మీ తాతకి ఎదురు చెప్పిన మనిషి ఆ ఇంట్లోనూ లేదు, ఈ కొట్లోనూ లేదు. తర్వాతి వారం చెల్లెలికి బాగాలేదని ఆవిడ ఊరెళ్ళింది. సోమవారం పొద్దున అద్దం మీద చీటీ. నూనె అక్కర్లేని మిషను. అచ్చం ఆవిడ రాతే.

మూడు నెలలు తిరిగి ఆవిడ ఊరినుంచి వచ్చేసరికి కొట్టు ముందు మిషన్లు. బళ్ళ మీద కొన్ని, నెత్తిన కొన్ని. వంద అనుకో... సరే, నలభై. అన్నీ బిగుసుకుపోయి, చక్రం తిప్పితే కదలవు. వాటి మీద బతికే ఆడవాళ్ళు ఆ చీటీని ఆవిడ మొహం మీద ఆడించి అడుగుతుంటే, మీ తాత లోపల గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. సింహం, పులి అనేవాళ్ళు కదా మీ వాళ్ళంతా, ఆ పులి. ప్రకటనలాయన పత్తా లేడు. ఆవిడ చీటీ తీసుకుని చూసింది. రెండుసార్లు చదివింది. నేను రాయలేదు అని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. "నా రాతని నమ్మారు. బాగుచేసి ఇచ్చే పూచీ నాది" అంది. కిరసనాయిలు సీసా, నూనె డబ్బా పట్టుకుని, రిపేరాయన్ని వెంటేసుకుని ఇంటింటికీ తిరిగింది. నలభై మిషన్లు, పంతొమ్మిది రోజులు. ఆఖరిది కదిలాక, రాసే కలం ఈ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ ఒక్క అక్షరం రాయలేదట. పోయి ఇరవై రెండేళ్ళు. ఇప్పుడు మీ నాన్న అంటాడూ, కొట్టు పేరు ముంచిందీ అని.

ఎవరు రాశారని అడుగుతావేం? మీ తాత రాత కోడి కెలికినట్టు ఉండేది. రిపేరాయనకి చదువే రాదు. ఆవిడ చీటీ చదివి ఎటు చూసిందో నాకు తెలుసు. నేను నిలబడ్డ ఈ గల్లా వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ ఊరెళ్ళిన సాయంత్రం మీ తాత నా భుజం మీద చెయ్యేసి, "నీ అంత మొనగాడు ఊళ్ళో ఇంకెవడున్నాడ్రా" అన్నాడు. ఆ ఒక్క మాటకే.

పెట్టు, ఆ నూనె చీటీ కూడా పెట్టు. దాని కింద ఇది ఆవిడ రాయలేదని రాయి. రాసినవాడు బతికే ఉన్నాడని, ఫలానా అని... ఆ మూల మిషను ఎవరే తొక్కుతున్నది? ఆపమను. ఆ కీచుమనడం వినపడటం లేదూ? నూనె డబ్బా ఇలా తే.