వదిన ఓడ ప్రయాణం

విడపనకల్లు, 1983 ఎండాకాలం. మిలిటరీలో వకీలుగా చేసి వచ్చిన కల్నల్ గంగాధరప్ప చనిపోయి నాలుగు నెలలు. ఆయన పెండ్లాం భద్రమ్మ ట్రంకుపెట్టెతో బయల్దేరింది. ఆపడానికి వచ్చిన మరిది జయరాముడు గడపకు అడ్డంగా కూర్చున్నాడు.

"లెయ్ జయరామా. గుంతకల్లు బస్సు వచ్చే పొద్దయింది."

"లెయ్యను వదినా. మొగుడు పోయిన మనిషి ఏడాది తిరక్కుండా పొలిమేర దాటకూడదు. నువ్వు ఏకంగా సముద్రం దాటుతానంటాండావు. ఊరోళ్లు నా మొగాన ఉమ్మేస్తారు."

"ఉమ్మేస్తామని ఎవరు చెప్పినారు?"

"ఒకరు చెప్పాల్నా? తెలీదా?"

"అంటే ఎవరూ చెప్పలేదు. మీ యన్న ఉంటే ఈడనే పట్టుకొనేటోడు. సాక్షి యాడ అనేటోడు."

"ఆయన కోర్టు సంగతి ఎత్తొద్దులే. పక్క చేను నారాయణ గట్టు నేను దున్నుకున్యానని గొడవొస్తే, తమ్ముడని గూడా చూడకుండా నన్ను నిలబెట్టి, తప్పు ఒప్పుకుంటావా లేదా అని అడిగె."

"ఒప్పుకుంటివి గదా."

"ఒప్పుకున్నాక నా తరపున ఆయనే వాదించె. ఎట్ల వాదించినాడో ఏమో, నారాయణ కండ్లనీళ్లు పెట్టుకోని నాకే ఒక మూట చెనిక్కాయలిచ్చి పోయె."

"కాపలాలో నిద్రపోయిన సిపాయిల్ని ఎంతమందినో ఇడిపించినాడు. నా దగ్గర మాత్రం ఒక్క కేసు గెలవలేదు, పాపం."

"యాడ గెలుస్తాడు, తీర్పు చెప్పేది నువ్వాయె."

"సముద్రం దాటితే ఏమయితాది? మీ యన్న డ్యూటీ మీద ఈజిప్టుకు పోయి ఏమి రాసె? ఈడ గూడా వానల్లేవు, అచ్చం మనూరు మాదిరే ఉండాది, మనసు నిమ్మళంగా ఉండాది అని రాసె."

"దానికి అంతదూరం పోవల్నా? మన వాకిట్లో నిలబడితే కనపడదా."

"నువ్వు పోలేదా, సింగపూరుకు? పించను వచ్చినాక నిన్నే గదా మొదుల తీసకపోయె. ఓడలో రెండు దినాలు అన్న పంచె ఇడవలేదంట. ఈత రాదు, ఈత రాదు అంటాంటివంట."

"అది... ఆ పొద్దు గాలి ఎక్కువుండె."

"అత్తను ఖాట్మండుకు పిల్చకపోయె. పిల్లోల్ని కొలంబోకు పిల్చకపోయె. ఇంటిల్లిపాదినీ తిప్పె, నన్ను తప్ప."

"నిన్ను రమ్మనలేదా?"

"పట్టాళంలో ఉన్నప్పటి నుంచీ ప్రతిసారీ రమ్మనె. ఒకసారి అత్తకు జబ్బు. ఒకసారి పిల్లోల్ల పరీచ్చలు. ఒకసారి నీ పెండ్లి. ఎవరో ఒకరు ఇంటికాడ ఉండల్ల గదా. ముప్పై ఐదేండ్లు ఆ ఎవరో ఒకరు నేనే. కడాకు సింగపూరు ఓడకు టికెట్లు కొని చేతిలో పెట్టి, ఇంగ అప్పీలు లేదు అనె. నెల తిరక్కుండా పాయె."

"సరే, ఏడాది కానీ వదినా. మాసికాలన్నీ కానీ. నేనే తోడొచ్చి తిప్పకొస్తా."

"మల్ల ఏడుకు అంటావు. మల్ల ఏడుకు, మల్ల ఏడుకు అని మనిషినే పోగొట్టుకుంటి. ఈసారి నేను ఇనను."

"ఒంటి ఆడమనిషివి. భాష రాదు. ఓడలో కండ్లు తిరిగితే నీళ్లిచ్చే దిక్కుండదు. నేను పడినాను గదా, నాకు తెలుసు."

"ఒంటిగా పోతాండానని ఎవరు చెప్పినారు? టికెట్లు రెండుండాయి."

"రెండోది అన్నది. ఒకరి పేరు మీద ఇంకొకరిని ఎక్కనియ్యరు."

"మీ యన్న పేరు మీద కొంటే గదా. నేను చూసిన సముద్రమే, మీరు చూసి రాపోండి, ఇల్లు నేను చూసుకుంటా అనె."

"మీరంటే ఎవరు?"

"పోయిన ఏడు కండ్లు చూపించుకోవల్లని తిప్పమ్మ నా జతలో అనంతపురం వచ్చింది, గేనముండాదా? మేము ఆస్పత్రికి పోలేదు. పాసుపోర్టుకు ఫోటో దిగను పోతిమి."

"నా పెండ్లామా? అది పొద్దున పుట్టింటికి పోయె గదా వదినా."

"నీకట్ల చెప్పింది. గుంతకల్లు స్టేషన్లో పెట్టె పక్కన కూర్చోని నా కోసం చూస్తాండాది."