తెల్లగా పూసిన నారింజ గులాబీ

కోడుమూరు రోడ్డు పక్కనుండే నర్సరీలో ఆమె గులాబీ కుండీని దబ్బున బల్ల మీద పెట్టింది.

"ఏమప్పా, పోయినేడు నీ తాన నారింజ రంగు గులాబీ తీసుకుంటి. నిప్పుల మాదిరి పిడికిలంత పూలు పూసె. ఇప్పుడేమో గుత్తులు గుత్తులుగా ఈ తెల్లపూలు! మొక్క ఎట్ల మారుతుందప్పా?"

"కుండీ అదేనా అక్కా?"

"కుండీ అదే, మన్నూ అదే. మొక్కనే మార్చినారు. ఇంకెవరు, మా తోడికోడలే. ఆ పూలంటే దానికి శానా ఆశ. పది దినాలాయె, దాని మొగం చూసేది మానేస్తి."

నర్సరీ అతను మొక్క మొదట్లో మన్ను వేలితో గీకినాడు.

"ఈడ చూడు, ఇది అంటు కట్టిన చోటు. పైన ఉండేదే నారింజ గులాబీ. కింద ఉండేది అడవి గులాబీ, వేరు గట్టిగుంటాదని పెడతాం. పై కొమ్మ యాడ?"

"ఎండలకు వాడిపోయింటే నేనే కోసేస్తి. కిందనుంచి ఇంకోటి దిట్టంగా వస్తాంటే, బలమంతా దానికే పోనీ అని."

"ఆ వచ్చింది అడవిదక్కా. ఎవరూ మార్చలేదు."

ఆమె తెల్లపూలను చూసింది, కోసిన మోడును చూసింది, మళ్లా పూలను చూసింది.

"అయితే 'నేను ముట్టుకోలేదక్కా' అని మా వాకిట్లో నిలబడి ఏడ్చె గదప్పా, అదంతా నిజమేనా?"

"నాకెట్ల తెలుస్తాదక్కా? ఇంకో నారింజ మొక్క ఇమ్మంటావా?"

"ఇయ్యి. కానీ నాకు గాదు, మా తోడికోడలికి. నువ్వే తీస్కపోయి ఇయ్యప్పా. నేను యా మొగం పెట్టుకొని పోవాల?"