లెఫ్టినెంట్ మంచితనం

వరంగల్, 1983 ఎండాకాలం. కాలేజీలో చరిత్ర చెప్పే టెంపరరీ లెక్చరర్ దవాఖాన నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే గడప మీద కూర్చున్నాడు. లోపలి నుంచి భార్య అడిగింది.

"మీ డిపార్ట్‌మెంట్ పెద్ద సారుకెట్లున్నది?"

"జ్వరం తగ్గింది. రేపు ఇంటికి పంపుతరట."

"మంచిదేనాయె. మరి మొఖం గట్ల పెట్టిండ్రేంది?"

"నా థీసిస్‌ల లెఫ్టినెంట్ యాదికొచ్చిండు."

"రెండు వందల ఏండ్ల కింద సచ్చిన తెల్లదొర. మళ్ల షురువు జేసిండ్రా?"

"అప్పట్ల ఇంగ్లీషోళ్ల ఫౌజుల పదవులు పైసలిచ్చి కొనుక్కునేటోళ్లు. కెప్టెన్ పదవి కొననీకె వాని దగ్గర పైసల్లేవు. పైనున్న కెప్టెన్ సస్తేనే వానికి పైసల్లేకుంట ఆ పదవొస్తది. పద్నాలుగేండ్లు ఎదురు చూసిండు. ఆ కెప్టెన్‌కు జ్వరమొస్తే రోజూ డేరాకు పోయి మందు తాగిపిచ్చిండు."

"సచ్చిండా కెప్టెన్?"

"బతికిండు. వీడు లెఫ్టినెంట్‌గనే ముసలోడైండు. ఎంత మంచోడో అని రాసిన నేను. పది దినాలు దవాఖానకు తిరిగినంక తెలిసింది, తప్పు రాసిన."

"సారు పోస్టు మీద ఆశ పెట్టుకున్నరా?"

"మంచం కాడికి పోంగనే ముందుగాల జ్వరం చార్టు చూసేటోన్ని. తర్వాతనే ఆయన మొఖం."

"ఆయనకు ఎరుకైందా?"

"నా చెయ్యి పట్టుకొని ఏడ్చిండు. కన్నకొడుకు గూడ ఇంత చెయ్యలేదన్నడు. ప్రిన్సిపాల్‌కు చెప్తడట."

"ఏమని?"

"టెంపరరీగనన్న సరే, తను రిటైరయ్యేదాక నన్ను తన కిందనే ఉంచాలెనని."

"ఇంకెన్నేండ్లున్నది ఆయనకు?"

"పదకొండు."