మా నీలి రెండు బిందెలే తాగుతాది

"అవ్వా, పాడి బర్రె దినానికి ఎన్ని బిందెల నీళ్లు తాగుతాదే? కాలేజీలో రాసుకరమ్మన్నారు."

ఏందీ, బర్రె తాగే నీళ్లు కూడా చదువేనా ఇప్పుడు? నవ్వొస్తాందమ్మీ. కూచో. రాసుకో, రెండు... కాదు కాదు, కొట్టెయ్. ఆ రెండు బిందెల మాటతోనే కదా ఒకసారి మా నీలిని సంతకు తోలేంత పనయింది!

నీలి అంటే మా ఇంటి బర్రె. మీ నాయనకు ఇంకా పెండ్లి కాలేదు. రెండు వేల మూడో, నాలుగో, ఆ కరువు కాలం. దొర్నిపాడు పక్కన మా ఊర్లో బోర్లన్నీ ఎండిపాయ. నీలి ఈని నెల కూడా కాలేదు. అప్పుడు ఆళ్లగడ్డ నుంచి పశువుల డాక్టరమ్మ వచ్చినాది. చిన్నపిల్ల, నీకంటే రెండేండ్లు పెద్దదేమో, ఎండకు మొగమంతా కందిపోయిండాది. గొడ్లకని ట్యాంకరు తెప్పిస్తాము, ఎవరి గొడ్డు ఎంత తాగుతాదో చెప్పండని పుస్తకం పట్టుకోని ఇల్లిల్లూ తిరిగినాది.

చెప్తామా మేము? పాలెన్ని, మేతెంత అని ఎవురన్నా అడిగితే తక్కువే చెప్పాల. దిష్టి తగిలి పొదుగు ఎండిపోతాదని మా యమ్మ నేర్పె, మా యత్తా నేర్పె. "మా నీలి యాడ తాగుతాది తల్లీ, రెండు బిందెలే" అన్నా. నా మాట విని పక్కింటామె రెండనె, ఎదురింటామె ఒకటిన్నర అనె! ఊరు ఊరంతా కోడిపిల్లల్ని సాకుతాన్నట్టు చెప్పినాం. ఆ పిల్ల పాపం నమ్మి అట్లే రాసుకపాయ.

రాసినంతే వచ్చినాయి నీళ్లు. బర్రెకు రెండు బిందెలు. నీలి తొట్టి అడుగు నాకి నాకి నా దిక్కు చూసేది. పూటకు నాలుగు లీటర్ల పాలు ఇచ్చేది, వారంలో లీటరున్నరకు దిగె. దూడ ఒకటే అరుపు. మీ తాత, "ఇంగ చాల్లే, బేస్తవారం నంద్యాల సంతకు తోలుకపోదాం" అనె. నాకు అన్నం దిగలా.

మా వెనకింట్లో ఖాసింబీ, గాజులమ్మే ఆమె, మొగం మీదనే అడిగె: "దిష్టికి భయపడి దప్పికతో సంపుతావా అక్కా?" సర్రున తగిలె ఆ మాట. మరుసటి దినమే డాక్టరమ్మను చెయ్యి పట్టుకోని పిలుచుకొచ్చినా. "నేను అబద్ధం చెప్పినా తల్లీ. నీ కండ్ల ముందరే కొలువు" అన్నా.

ఏ బిందెతో కొలవాల? అదొక రచ్చ. నాది కోయిలకుంట్లలో ముప్పై రూపాయలకు కొన్నది, ఆ దుడ్లకు ఇప్పుడు మూత కూడా రాదు... సరేలే, అది సొట్టబోయిందని డాక్టరమ్మ ఒప్పుకోలా. ఖాసింబీ తన కొత్త బిందె తెచ్చె, ఇంట్లో దాచుకున్న నీళ్లూ మోసుకొచ్చె. నేను పోస్తాంటే ఆమే గట్టిగా లెక్కబెట్టె. ఒకటి. రెండు. మూడు. నీలి తల ఎత్తలా! నాలుగు. ఊరంతా మూగినారు. అయిదోది సగం తాగి, బుస్సుమని ముక్కుతో నీళ్లు చిమ్మె, డాక్టరమ్మ పుస్తకం మీదనే! "ఇదేనా మీ రెండు బిందెల బర్రె?" అని ఆ పిల్ల కడుపు పట్టుకోని నవ్వె. సాయంత్రం ఇంకా రెండు తాగినాదిలే.

అంతే, "మాది ఆరు", "మాది అయిదు" అని ఆడోళ్లంతా నోర్లు విప్పినారు. డాక్టరమ్మ పాత లెక్క కొట్టేసి మళ్లా రాసుకునె. బేస్తవారం లోపలే ఇంకో ట్యాంకరు వచ్చె. మేము సంతకు పోలా. నీలి మళ్లా పొదుగు నింపె, డాక్టరమ్మకు చెంబునిండా గడ్డపెరుగు ఇచ్చినా. ఎంత సంతోషమో అమ్మీ ఆ పొద్దు!

దిష్టా? తగలకుండా ఉంటాదా, అంతమంది చూసినాక! కొలిచిన సందేళే ఉప్పు, మిరపకాయలు దిగదీసినా. ఖాసింబీ దర్గా నుంచి తాయెత్తు తెచ్చి మెడకు కట్టె. ఏది పనిచేసిందో ఏమో, రెండూ ఉండనీలే.

రాసుకో ఇప్పుడు. ఎండాకాలం, పాలిచ్చే బర్రె, ఆరేడు బిందెలు. థూ, థూ... అది సరే, నువ్వేంది అట్ల చిక్కిపోయినావ్? హాస్టల్లో పూటకు ఎన్ని ముద్దలు తింటాండావ్? రెండా? నా కాడ కూడా దాస్తాండావా! ఆకలైనంత అడిగి తిను నా తల్లీ, నూరేండ్లు సల్లగుండు. దిష్టి నేను తీస్తాలే.