వీధిపోటు

కొవ్వూరు శివారు. పొలాలన్నీ మెరక చేసి వేసిన కొత్త లేఅవుట్ మధ్యలో, అమ్మకుండా మిగిలిన ఒకే ఒక్క పెంకుటిల్లు. అరుగు మీద ఇంటాయన చంద్రరావు, భార్య రామతులసి, లేఅవుట్ యజమాని గణేష్‌బాబు. వాకిట్లో కట్టేసిన గేదె.

"మీరే చూడండి గణేష్‌బాబుగారూ. నలభై అడుగుల రోడ్డు, ఎటూ తిరక్కుండా తిన్నగా వచ్చి మా గుమ్మంలో గుచ్చుకుంటోంది. వీధిపోటు కాకపోతే ఏంటండీ ఇది?"

"నిజమే బాబాయిగారూ. నేను కాదన్నానా?"

"మీరు గీయించిందే కదండీ."

"గీసింది ఇంజినీరండి. మీరూ అమ్మేసుంటే ఆ రోడ్డు ఇలాగే పార్కు దాకా వెళ్ళిపోయేది. మీరు అమ్మనన్నారు, ఇక్కడ ఆగింది."

"అమ్మం బాబూ. నేనూ అమ్మను, ఆయనా అమ్మరు."

"అమ్మమని ఇవాళ నేనడిగానా పిన్నిగారూ? అడగలేదు కదండీ."

"మీరడగరు. రోడ్డు చేత అడిగిస్తారు."

"తులసీ, నువ్వుండు. రోడ్డుకి గ్రావెల్ పోశారో లేదో, నేను అరుగు మీంచి పడ్డానండి. కాలు విరిగింది. ఆ వెనకే మా పెద్దల్లుడికి ఉద్యోగం పోయింది."

"మీరు పడింది పాచి మీద కాలేసి. వాళ్ళు మెరక చేసుకుని నీళ్ళన్నీ మన వాకిట్లోకి వదిలితే పాచి పట్టదా?"

"సిద్ధాంతిగారు ఏమన్నారు? ఇంటి యజమానికి గండం అన్నారు. యజమాని నువ్వా, నేనా? నాకు భయంగా ఉందండి గణేష్‌బాబుగారూ. సిగ్గు విడిచి చెబుతున్నాను."

"నాకూ ఊపిరాడట్లేదు బాబూ. మూడు పక్కలా ఇంతెత్తు గోడలు కట్టేశారు. ఉన్న నాలుగో పక్క..."

"పిన్నిగారూ, కాస్త టీ పెడతారా? పొద్దుట్నుంచీ సైట్లోనే ఉన్నాను."

"ఇందాక వద్దన్నారు."

"ఇప్పుడు తాగాలనిపిస్తోందండి."

"తులసీ, నోరు తెరిచి అడుగుతుంటే..."

"పెడతాను, పెడతాను. నేనొచ్చేదాకా ఏ మాటా ఇచ్చెయ్యకండి."

"ఆవిడ అంతేనండి, ఏమీ అనుకోకండి. ఆ రోడ్డు కాస్త పక్కకి తిప్పలేరాండీ?"

"పక్కన ప్లాట్లు అమ్ముడైపోయాయి బాబాయిగారూ. తిప్పలేను. ఆపగలను."

"ఆపడమంటే?"

"మీ వాకిలికి అవతలే ఆపేసి, అడ్డంగా గోడ కట్టేస్తాను. రోడ్డే కనపడదు. కనపడని రోడ్డుకి పోటేంటండీ?"

"ఆయ్, సిద్ధాంతిగారూ అదే అన్నారు. గోడ అడ్డముంటే దోషం లేదంట."

"కాకపోతే ప్లాను అప్రూవ్ అయిపోయింది కదండీ. ఆ రోడ్డు మీ కోసం ఉంచాలన్నారు ఆఫీసు వాళ్ళు. తియ్యాలంటే మీరే అడిగినట్టు ఉండాలి."

"మా కోసమా?"

"ఏదో రూలు లెండి. ఇదిగో, ఇక్కడ."

"టైపు కొట్టించుకునే వచ్చారే."

"మీ బాధ చూళ్ళేకండి."

"ఏదీ, పెన్నివ్వండి... ఇక్కడేనా?"

"కిందండి. ఆఁ, అక్కడే. ఫొటో తీసి ఆఫీసుకి పంపించేస్తున్నాను... వెళ్ళిపోయిందండి."

"అమ్మయ్య. ఇవాళ కంటినిండా నిద్రపోతానండి."

"టీ తీసుకోండి. ఏంటి, ఇద్దరూ నవ్వుకుంటున్నారు?"

"తులసీ, పోటు పోయిందే. రోడ్డుకి అడ్డంగా గోడ కట్టేస్తారు."

"గోడా? మరి మనం రావడం పోవడం?"

"ఎప్పట్లాగే. ఈ రోడ్డు నిన్నగాక మొన్న వచ్చింది. మా తాత దగ్గర్నించీ గట్టు మీంచే కదా మనం కాలవ రోడ్డెక్కింది? ఒకరి గట్టు మీద ఒకరు నడుస్తుంటే ఈ ఊళ్ళో ఎవరైనా వద్దన్నారా?"

"ఏ గట్టండీ? ఎక్కడుంది గట్టు? నాకు చూపించండి."

"అదుగో... ఆ గోడ... ఆ గోడ అవతల. గణేష్‌బాబుగారూ, గట్టు ఉంది కదండీ? ఉంది కదా?"

"టీ బాగుంది పిన్నిగారూ."

"బాబూ, నేను సంతకం పెట్టిన ఆ కాగితం ఇచ్చెయ్యి. నీకు దణ్ణం పెడతాను, ఇచ్చెయ్యి."

"పంపించేశాను కదండీ. కంగారు పడకండి బాబాయిగారూ, అమ్మాలనిపించినప్పుడు ఒక్క ఫోన్ కొట్టండి, చాలు. మీ గేదెని మాత్రం ఇవాళే బయట కట్టేసుకోండి. రేపు గోడ లేచాక అది దాటలేదు."