గవర్నర్ మాట చెల్లని ఊరు

“ఆంటీ, రష్యాల చదివిన చదువును దాచిపెట్టమంటే మీరెందుకు దాచలే?”

ఎందుకు దాచాలె బిడ్డా? ముందుగాల నువ్వు చెప్పు. మీ డాడీ అన్నడని రెజ్యూమెలకెల్లి నీ హిస్టరీ డిగ్రీ తీసేసినవట, అదేమన్న దొంగసొమ్మా?

కూసో, చాయ్ తాగు. నా మాటలు రికార్డ్ చేస్తనని ఫోన్ పెట్టినవ్ గద, ఉండనీ. అప్పుడంత వైటూకే గాబరా. రెండువేల సంవత్సరం రాంగనే కంప్యూటర్లన్ని ఆగమైతయని లోకమంత భయం, ఆ భయంతోనే మనోళ్లకు నౌకర్లు. మీ అంకుల్ అట్లనే అడిలైడ్ వచ్చిండు, ఎన్కనే నేను. ఏ బార్బీకి, అంటే ఈడి బార్బెక్యూ దావత్‌కు, పోయినా ఒక్కటే మాట, కోబాల్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవా అక్కా అని. పిల్లలెట్లున్నరని అడిగేటోడు లేడు.

నేనేమో రష్యాల స్వెర్ద్‌లోవ్స్క్ అనే ఊర్ల రీసెర్చ్ చేసినదాన్ని. తర్వాత ఊరికి యెకతెరిన్‌బర్గ్ అని పాత పేరు తిరిగొచ్చింది. చుట్టున్న రాష్ట్రానికి, రాష్ట్రమంటే రాష్ట్రం కాదు, ఒబ్లస్త్ అంటరు, దానికి మాత్రం స్వెర్ద్‌లోవ్స్క్ పేరే ఉంచిన్రు. ఆ ఇలాకా పాలన మీదనే నా చదువు. జార్ల కాలంల గవర్నరేమో పెర్మ్ అనే ఇంకో ఊర్ల కూసునేటోడు. నేను చదివిన ఊర్లేమో గనుల పెద్దాఫీసరు. ఆడ గవర్నర్ మాట కంటె గనులాయన మాటే నడిచేది. చదువుతుంటె మా ఇల్లెందు ఊరే యాదికొచ్చేది. మా నాయిన బొగ్గుబాయి దిగేటోడు గద. కాలనీల నల్లా రాకపోతే కలెక్టర్ దగ్గరికి ఎవరు పోయిన్రు? మా అమ్మోళ్లు బాయి మేనేజర్ ఇంటి ముంగటనే బిందెలు పెట్టేటోళ్లు. మా అమ్మ గొంతు ఇంటె ఆయన కుక్క గూడ... ఆఁ, ఏడున్న?

మా మరిది రాజేందర్. నాకు రెజ్యూమె వాడే తయారుచేసిండు. చూస్తె ఏముంది, నేను లైబ్రరీల కూసున్న ఏండ్లన్ని “స్వెర్ద్‌లోవ్స్క్ రీజనల్ ఆఫీసుల కోబాల్ ప్రోగ్రామర్” అయినయి!

“ఇదేందిరా?”

“అందరు పెడుతున్నరు వదినా. రష్యాకు ఫోన్ చేసి అడుగుతరా?”

“మరి నా గవర్నర్?”

“ఆయన్ను సంపెయ్యి వదినా, నౌకరి బతుకుతది.”

మీ అంకుల్ నవ్విండు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

వాడు పంపిన ఆ రెజ్యూమె మీదనే ఇంటర్వ్యూకు పిలిచిన్రు. అడగనే అడిగిండ్రు, ఆ ఆఫీసుల ఏం పని చేసినవని. ఒక్క అబద్ధం ఆడితే నౌకరి నాదే. “అండ్ల నేను పని చెయ్యలే సార్. ఆ ఇలాకాల ఎవరి మీద ఎవరు పెత్తనం చేసిన్రో చదివిన. చెప్పమంటె చెప్త” అన్న. చెప్పిన గూడ! ఆయన పెన్ను పక్కన పెట్టి ఇన్నడు, థాంక్యూ అన్నడు. నౌకరి ఇయ్యలే.

“ఇల్లు ముంచినవ్ వదినా” అన్నడు రాజేందర్. ఇల్లు మునగలే. చైల్డ్‌కేర్‌ల పనికి చేరిన. సాయంత్రాలు కమ్యూనిటీ హాలుల గనుల ఊర్ల చరిత్ర చెప్పిన. వచ్చేది నలుగురు, అండ్ల ఇద్దరు హీటర్ కోసం. కని ఒకనాడు ఈ దేశంలనే బ్రోకెన్ హిల్ గనుల్ల పనిచేసిన ముసలాయన లేచి, “మా ఊర్ల గూడ గంతేనమ్మా, సర్కారు మాట కంటె యూనియన్ మాటే” అన్నడు. నా గవర్నర్‌ను రాజేందర్ సంపమంటె, చూడు, ఆయన ఆస్ట్రేలియాల గూడ బతికిండు!

ఆ ఫోన్ల రికార్డింగ్ తర్వాత. ముందు రెజ్యూమె తెరువు. మీ డాడీతోని నేను మాట్లాడుత. నీ డిగ్రీ మళ్ల పెట్టు. అడుగున గాదు, పైన. ఊఁ, టైప్ కొట్టు. నేను చూస్తనే ఉన్న.