దేవనహళ్ళి గాలిపటం

మా చిక్కమునియప్ప నోరు తెరిచినాడంటే నేను ముందు పాలగిన్నెను పొయ్యి మీద నుంచి దించేస్తాను. ఆయన మాటల్లో పడి పాలు పొంగబెట్టుకున్నది ఒకసారా, రెండుసార్లా. యలహంక పాత ఊర్లో నా టీ కొట్టు ముందర బెంచీ మీద ఆయన వచ్చి కూర్చుంటే చాలు, మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే చుట్టూ చేరతారు. ఎవరూ నమ్మరు. అట్లని లేచీ పోరు.

ఆ పొద్దు మాత్రం సంగతి వేరు. బడికి ఎండాకాలం రజాలు ఇచ్చేశారు. మా వీధి పిల్లలను ఆదివారం సైకిళ్ళ మీద దేవనహళ్ళి కోటకు తీసుకుపోతానని, అక్కడ వాళ్ళ చేతనే వెదురు చీల్పించి గాలిపటాలు చేయిస్తానని చిక్కమునియప్ప ఇంటింటికీ చెప్పుకొచ్చాడు. పిల్లలకు అప్పటినుంచి నిద్ర లేదు. తల్లులందరిదీ ఒకటే మాట, వనజక్క వాళ్ళ రంజితను పంపిస్తే మేమూ పంపిస్తామని. వనజ మా వీధి టైలరు. ఎవరైనా గుడ్డ తెచ్చి ఇది పట్టు అంటే, అంచులో దారం లాగి నలిపి చూసిగాని కత్తెర పట్టని మనిషి. ఆమె నేరుగా కొట్టుకు వచ్చి, నిలబడే అడిగింది.

"చిక్కన్నా, ఇంతకు ముందు పిల్లోళ్ళని అంత దూరం తోడుకొని పోయినావా నువ్వు?"

చిక్కమునియప్ప టీ గ్లాసు పక్కన పెట్టి, భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు.

"పోయినావా అని అడుగుతాండావా తల్లీ. పోయిన ఎండాకాలం మా అక్క మనవళ్ళు చింతామణి నుంచి వచ్చి ఉండిరి. పొద్దస్తమానం ఫోనులో తల పెట్టుకొని కూర్చోనుంటే చూసి చూసి నాకి బేజారాయె. లేయండప్పా, దేవనహళ్ళి పోదాం అంటిని. తలా ఒక సైకిలు. ముందర నేను, వెనక వాళ్ళు, బాతు వెనక పిల్లల మాదిరి."

"ఆ పిల్లోళ్ళని అడగొచ్చా?" అంది వనజ.

"దండిగా అడగొచ్చు. ఇప్పుడు ఊర్లో లేరు." ఆయన తడుముకోకుండా ముందుకు పోయాడు. "పెద్ద రోడ్డు ముట్టలేదమ్మా, పక్క రోడ్డులోనే పోతిమి. చిక్కజాల దాటినాక చిన్నోడి టైరు పర్రుమని చినిగె. ఆడ చూస్తే పంచరు అంగడి లేదు, మనిషి లేడు. నేనేం చేస్తినో తెలుసా? దోవ పక్కన తోటలో ఒక చక్కోత పండు, అదే పంపరపనస, అడిగి తెస్తిని. తొనలు పిల్లోళ్ళకి పెట్టి, తొక్క మందంగా ఉంటాది కదా, దాన్ని టైరు లోపల్తట్టు వేసి నార చుట్టి కట్టేస్తిని. గాలి రవ్వంత పోలేదు."

మునిరాజు మరమగ్గం పనికి పోయే ముందు టీ తాగడానికి వచ్చి ఉన్నాడు. "ఎండాకాలంలో చక్కోతలు యాడివప్పా?" అన్నాడు.

"చెట్టుకేం తెలుసప్పా ఎండాకాలమో వానకాలమో. అడిగే మనిషిని బట్టి కాస్తాది."

వనజ బెంచీ చివర కూర్చుంది. "సరే. కోటకు చేరినాక?"

"గోడ నీడలో కూర్చొని వెదురు చీలిస్తిమి. పనితనమంటే ఆడుండాదమ్మా. బద్ద లావుంటే గాలిపటం లేయదు, సన్నముంటే విరుగుతాది. నడిమి బద్దను ఇట్ల వేలి మీద పెట్టి చూసుకోవాల. రెండు పక్కలా సమంగా నిలిస్తేనే కట్టాల, లేదంటే ఇంగోరవ్వ గీకాల."

ఈ మాటలు చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గింది. చేతులు నిజంగానే వెదురుబద్దను పట్టుకున్నట్టు గాలిలో నిలిచాయి. వనజ ఆ చేతులనే చూస్తూ ఉంది. కానీ ఆయన అక్కడ ఆగితే ఆయన ఎందుకవుతాడు.

"పిల్లోళ్ళందరికీ అయిపోయినాక, మిగిలిన కాగితంతో నాకొకటి చేసుకొందామంటే చాల్లేదు. నా తువ్వాలు కలిపితిని, చాల్లేదు. పంచె కలిపితిని. బంక అయిపోతే సద్దిలో రాగి ముద్ద ఉండె, దాన్ని పూస్తిని. అంతలో పక్కన ఎవురిదో పెండ్లి షామియానా విప్పుతా ఉండిరి, దాన్నీ అడిగి అతికిస్తిని."

"షామియానా ఎంతది?" అన్నాడు మునిరాజు.

"చిన్నదే. ఊరంతా కూర్చొని భోంచేసేది."

"పంచె గాలిపటానికి కట్టేస్తే నువ్వెట్ల ఉంటివి?" వనజ నవ్వకుండానే అడిగింది.

"నిక్కరు ఉండె తల్లీ. సైకిలు తొక్కే మనిషి నిక్కరు లేకుండా పోతాడా." ఆయన మునిరాజు వైపు తిరిగాడు. "దాన్ని నిలపను ఏ దారమూ చాలక, బావి చేంతాడు తెచ్చి కట్టితిని. తాడు కొసను నా సైకిలు హ్యాండిల్‌కి కట్టి, పిల్లోళ్ళ సైకిళ్ళను నా వెనక ఒకదానికొకటి తగిలించి, తొక్కొద్దండప్పా, సుమ్నె ఊరికే కూర్చోండి అంటిని. గాలి వచ్చె చూడు. రైలు మాదిరి పోతిమి. ఏర్‌పోర్టు బస్సును దాటేస్తిమి. డ్రైవరు హారన్ కొట్టె, పక్కకి పోప్పా అని చెయ్యి ఊపితిని. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏముంది, పైకి లేచిపోయి ఉంటారు," అన్నాడు మునిరాజు విసుగ్గా.

చిక్కమునియప్ప అతన్ని అనుమానంగా చూశాడు. "నీకెవరు చెప్పిరి?"

బెంచీ మీద అందరూ నవ్వారు, వనజ తప్ప.

"లేచిపోతిమమ్మా. చక్రాలు నేలను విడిచె. చిన్నోడు కూడా ఏడవలేదు, ముందర నేనుండానని వానికి ధైర్యం. కింద చూస్తే ద్రాక్ష తోటలు, చెరువులు, చాప పరిచినట్టు. గద్దలు పక్కకి వచ్చి మొగం చూసి, ఈయప్ప ఎవురో కొత్తోడు అనుకొని తప్పుకొనె. ఏర్‌పోర్టు మీదికి వస్తానే మైకులో పిలిచిరి. 'గాలిపటంలో పోయేవాళ్ళు రవ్వంత తాళండి, ఢిల్లీ విమానం దిగుతా ఉండాది' అని. తాళితిమి. పద్ధతంటే పద్ధతే కదా. ఆ విమానం మా పక్కనే పోయె. నడిపేటాయన కిటికీ తీసి, 'ఇంత గాలికీ ఊడలేదే, అదేం బంకప్పా' అని అడిగె. రాగి ముద్ద అంటిని. మా రెక్కకి పూసుకోను రవ్వంత ఇస్తావా అనె. ఒక ముద్ద విసిరితిని, పట్టుకొనె."

"విమానం కిటికీ తెరుచుకోదు కదా చిక్కన్నా," అన్నాను నేను.

"కూర్చొని పోయేవాళ్ళకి తెరవరు శివా. నాకి తెరిచిరి."

"అంత ఎత్తులో పిల్లోళ్ళకి దప్పికైతే?" అంది వనజ. ఆమె అడిగే తీరు చూస్తే అంతా నమ్మినట్టే ఉంది. నాకు ఆయన మీదకంటే ఆమె మీద ఎక్కువ అనుమానం వచ్చింది.

"మబ్బులుండె కదమ్మా. ఒకదాన్ని పట్టుకొని గుడ్డ పిండినట్టు పిండితిని. చల్లగా తాగిరి."

"దిగిందెట్ల?"

"బ్రేకు వేస్తే గాలిలో పట్టలేదు. అందరూ చెప్పుల కాళ్ళు కిందికి చాపండప్పా అంటిని. గాలికి రాసుకొని రాసుకొని నిదానమాయె. యలహంక వచ్చి నేరుగా మా మిద్దె మీదనే దిగితిమి. మీ వదిన ఆడ వడియాలు పెట్టి ఉండె. ఒక్క వడియం తొక్కలేదంటే నమ్ము."

"వదినను అడగొచ్చా?"

"ఆమె నిద్రపోతా ఉండె."

చిక్కమునియప్ప చల్లారిన టీ ఎత్తి తాగాడు. కథ అయిపోయిందని మునిరాజు లేవబోయాడు. వనజ మాత్రం కూర్చునే ఉంది.

"వచ్చేటప్పుడు గాలిపటం లాక్కొచ్చె, సరే," అంది. "పోయేటప్పుడు లేదు కదా. ఈడ నుంచి కోట దాకా నువ్వే తొక్కితివి."

"తొక్కకపోతే? యాడా కాలు కింద పెట్టలేదు."

అప్పుడు నాకు తట్టింది. ఇన్నేళ్ళుగా ఆయన నా కొట్టుకు నడిచే వస్తాడు. రేషనుకు నడిచి పోతాడు, పెళ్ళిళ్ళకు బస్సులో పోతాడు. సైకిలు మీద ఆయన్ను చూసిన గుర్తే లేదు. మునిరాజుకూ అదే తట్టినట్టుంది, నా మొహంలోకి చూశాడు.

వనజ లేచింది. మునిరాజు సైకిలు కొట్టు పక్క గోడకు ఆనించి ఉంది. వాళ్ళ నాయన కాలంనాటిది, బాగా ఎత్తు. దాన్ని తోసుకొచ్చి చిక్కమునియప్ప ముందర నిలబెట్టింది.

"ఆ మూల దాకా పోయి రా అన్నా. రంజితను ఆదివారం కళ్ళు మూసుకొని పంపిస్తా."

ఆయన సైకిలును చూశాడు, రోడ్డును చూశాడు, తర్వాత తలెత్తి పైకి చూశాడు.

"ఈడ వద్దు తల్లీ. పైన కరెంటు వైర్లుండాయి. నేను ఎక్కినానంటే లేచిపోతాది."

"లేవకుండా వెనక నేను పట్టుకొంటా."

ఎదురిళ్ళ వాకిళ్ళలో తల్లులు వచ్చి నిలబడ్డారు. ఇంక తప్పించుకునే దారి లేదు. ఆయన నా బెంచీ ఎక్కి, అక్కడినుంచి సీటు మీదికి జరిగాడు. కాళ్ళు నేలకు అందలేదు. వనజ ఒక చేత్తో సీటు, ఒక చేత్తో క్యారియరు పట్టుకొని మెల్లగా తోసింది. పడితే పట్టుకుందామని నేను పక్కనే నడిచాను. హ్యాండిలు ఇటు తిరిగింది, అటు తిరిగింది. ఆయన మొహమంతా చెమట పట్టింది. కళ్ళు ముందు చక్రం మీదనుంచి కదలడం లేదు.

"వదలొద్దు వనజమ్మా," అన్నాడు. "వదిలితే పడిపోతాను."

మునిరాజు నవ్వబోయి, వనజ మొహం చూసి ఆగిపోయాడు.

"వదలనులే," అందామె, వాకిళ్ళలోని వాళ్ళకు వినబడకుండా. "పిల్లోళ్ళని సైకిళ్ళ మీద నేను తోడుకొని వస్తా. మా ఊర్లో బడికి సైకిలు మీదే పోయిన దాన్ని. నువ్వు వెదురు తీసుకొని బస్సులో రా. పని నేర్పించేది నువ్వే. నీ మాదిరి బద్ద గీకేది మాకెవరికీ రాదు."

చిక్కమునియప్ప ఆమె వైపు తల తిప్పలేదు, తిప్పితే ఎక్కడ పడతానో అని.

"అట్లనే తల్లీ," అన్నాడు. "ముందు నన్ను కిందికి దించు."